వర్షారణ్యంలో ఏ చెట్లు పెరుగుతున్నాయి, ఏవి తరిగిపోతున్నాయి, ఎందుకు?

క్లుప్తంగా

గొడ్డలి పడని, నిప్పు తగలని ఉష్ణమండల వర్షారణ్యంలో కూడా చెట్ల జాతుల వాటాలు, అడవి నిర్మాణం దశాబ్దాల్లో మారుతున్నాయి. ఇందుకు ముఖ్యంగా రెండు కారణాలున్నాయి. ఎప్పుడో తగిలిన దెబ్బ నుంచి అడవి ఇంకా కోలుకుంటూ ఉండటం ఒకటి. గాలిలో కార్బన్ డయాక్సైడ్, వేడి, కరువు పెరుగుతుండటం రెండోది. ఈ రెండూ ఒకే అడవిలో ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి ఫలానా మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టం. కరువును ఓర్చే జాతుల వాటా పెరగడం, చెట్ల చావులు ఎక్కువ కావడం మాత్రం ఒకటి కంటే ఎక్కువ ఖండాల కొలతల్లో కనిపిస్తోంది.

వర్షారణ్యాల మీద వచ్చే వార్తలను పక్కపక్కన పెట్టి చదివితే అయోమయం తప్పదు. చెట్లు మునుపటికంటే జోరుగా పెరుగుతున్నాయని ఒక అధ్యయనం చెబుతుంది. మునుపటికంటే త్వరగా చస్తున్నాయని ఇంకొకటి చెబుతుంది. ఒకచోట తేలిక కలప చెట్లు ఎక్కువవుతుంటే మరోచోట చేవ ఉన్న చెట్లు ఎక్కువవుతున్నాయి. వీటిలో ఏదో ఒకటి తప్పయి ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి ఇవన్నీ అడవిలోకి నడిచి వెళ్లి, చెట్టు చెట్టుకూ టేపు చుట్టి తీసిన కొలతలే. కొలత ఎక్కడ మొదలైంది, ఎంతకాలం సాగింది, అంతకుముందు ఆ నేల మీద ఏం జరిగింది అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా ఒక్క అధ్యయనాన్ని చూసి అడవి బాగుందనో పాడైపోయిందనో తేల్చేయడం పొరపాటు.

టేపు, నంబరు బిళ్ల, రంగు గీత

దీర్ఘకాలపు మార్పును పట్టుకోవడానికి ఉన్న ప్రధాన సాధనం శాశ్వత ప్లాటు. కొంత నేలకు హద్దులు పెట్టి, అందులో ప్రతి చెట్టుకూ నంబరు బిళ్ల కొట్టి, జాతి గుర్తించి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కాండం మందం కొలుస్తారు. కొలిచిన చోట రంగుతో గీత గీస్తారు. కొన్నేళ్లకు తిరిగి వచ్చి అదే గీత దగ్గర మళ్లీ కొలుస్తారు. అప్పుడు పెరిగినవి, చచ్చినవి, కొత్తగా లెక్కలోకి వచ్చినవి అని మూడు జాబితాలు తయారవుతాయి.

ఈ పనికి పేరు పడ్డ చోటు పనామాలోని బారో కొలరాడో దీవి. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు చుట్టూ నీరు చేరి, 1914 నాటికి ఒక కొండ దీవిగా మిగిలింది. 1980ల మొదట్లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫోస్టర్ అక్కడ 50 హెక్టార్ల ప్లాటు వేసి, ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండాన్నీ లెక్కలోకి తెచ్చారు. 2 లక్షలకు పైగా కాండాలు, సుమారు 300 జాతులు తేలాయి. మలేసియాలోని పాసో, అదే దేశపు సారవాక్ రాష్ట్రంలోని లాంబిర్ ప్లాట్లలోనూ ఇదే పద్ధతి. లాంబిర్‌లో 52 హెక్టార్లలోనే దాదాపు 1,200 జాతులున్నాయి. అమెజాన్‌లో తీరు వేరు. అక్కడ ఎక్కువగా ఒక్కో హెక్టారు ప్లాట్లు చాలాచోట్ల వేసి, 10 సెంటీమీటర్లు దాటిన చెట్లనే కొలుస్తారు. వాటిని రెయిన్‌ఫోర్ అనే నెట్‌వర్క్ ఒక చోటికి తెచ్చింది.

ఈ కొలతల్లో పడిపోవడానికి గోతులు కూడా ఉన్నాయి. పెద్ద చెట్ల పలక వేళ్లు ఏళ్లు గడిచేకొద్దీ కాండం మీదికి పాకుతాయి. పాత గీత దగ్గరే కొలుస్తూ పోతే కాండం బదులు వేరు మందం లెక్కకెక్కి, ఎదుగుదల ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇక రెండు కొలతల మధ్య విరామం మరో చిక్కు. పదేళ్ల విరామంలో లెక్కకెక్కే మందం దాటి, మళ్లీ కొలిచేలోపే చచ్చిపోయిన చెట్టు ఏ జాబితాలోనూ ఉండదు. అంటే విరామం పెరిగేకొద్దీ చావులూ పుట్టుకలూ తక్కువగా కనిపిస్తాయి. పాత రోజుల్లో పదిహేనేళ్లకోసారి, ఈ మధ్య ఐదేళ్లకోసారి కొలిచిన ప్లాటులో అడవి ఏమీ మారకపోయినా వేగం పెరిగినట్టు అంకెలు వస్తాయి. ఇవి చాలవన్నట్టు, ప్లాటు వేసేవాళ్లు సహజంగానే ఠీవిగా నిలబడ్డ అడవి ముక్కను ఎంచుకుంటారు. అన్నీ మహావృక్షాలే ఉన్నచోట ఆ తర్వాత ఎక్కువగా జరగగలిగేది కూలడమే.

1994లో ఆలివర్ ఫిలిప్స్, ఆల్విన్ జెంట్రీ ఉష్ణమండల అడవుల్లో పాత చెట్లు పోయి కొత్తవి వచ్చే వేగం పెరుగుతోందని ప్రకటించినప్పుడు డగ్లస్ షీల్ లేవనెత్తిన అభ్యంతరాలు ఈ కోవకు చెందినవే. ఆ వాదన వృథా పోలేదు. విరామాల తేడాను సరిచేసే పద్ధతులు దాని నుంచే బలపడ్డాయి. సరిచేసిన తర్వాత కూడా అమెజాన్‌లో వేగం పెరిగిన జాడ మిగిలింది.

ఒక చెట్టు కూలితే

పండిన వర్షారణ్యంలో సాధారణంగా ఏటా నూటికి ఒకటి రెండు చెట్లు చస్తాయి. పెద్ద చెట్టు కూలితే ఆకుల పందిరికి చిల్లు పడుతుంది. అప్పటిదాకా నేల దాకా అంతంత మాత్రంగా చేరిన వెలుతురు ఒక్కసారిగా దిగుతుంది. వెలుతురు కోరే జాతులు దీని కోసమే కాచుకుని ఉంటాయి. అమెరికా ఖండాల్లో సెక్రోపియా, ఆసియాలో మకరంగా ఇలాంటివి. చకచకా ఎత్తు పెరుగుతాయి, కలప తేలిక, ఆయుష్షు తక్కువ. నీడను ఓర్చే జాతుల దారి వేరు. వాటి మొక్కలు దశాబ్దాల తరబడి బొటనవేలి మందాన ఉండిపోయి, పైన చోటు దొరికినప్పుడు లేస్తాయి. వాటి కలపలో చేవ ఎక్కువ, ఒక్కో చెట్టు నిలిచే కాలమూ ఎక్కువ. అమెజాన్‌లో కొన్ని చెట్ల వయసు రేడియోకార్బన్ పరీక్షలో వెయ్యేళ్లు దాటినట్టు తేలింది.

ఫ్రెంచి అటవీ శాస్త్రవేత్త ఆబ్రెవిల్ 1938లో ఐవరీ కోస్ట్ అడవుల గురించి ఒక విచిత్రం రాశాడు. పై అంతస్తులో ఉన్న పెద్ద చెట్ల జాతులకు వాటి కింద పిల్లలు కనిపించలేదు. దాంతో అడవి అతుకుల బొంత లాంటిదని, ఒక ముక్కలో ఉన్న జాతుల కూర్పు రేపు ఇంకో ముక్కలో కనిపిస్తుందని, మొత్తం బొంత మాత్రం నిలకడగా ఉంటుందని ఆయన ఊహించాడు. తల్లిచెట్టు కిందే పిల్లలు ఎందుకు బతకవన్నదానికి 1970-71లో డేనియల్ జాన్‌జెన్, జోసెఫ్ కానెల్ విడివిడిగా ఒక వివరణ ఇచ్చారు. ఆ జాతిని తినే పురుగులు, ఆ జాతికి పట్టే తెగుళ్లు తల్లి చుట్టూనే పోగుపడతాయి కాబట్టి దూరంగా పడిన విత్తనానికే అవకాశం ఎక్కువ. ఏ ఒక్క జాతీ అడవినంతా ఆక్రమించకపోవడానికి ఇదొక కారణమని తర్వాతి పరిశోధనలు చాలావరకు బలపరిచాయి.

ఆబ్రెవిల్ చూసిన దృశ్యానికి ఇంకో అర్థం కూడా ఉంది. అది చెట్ల స్వభావం కంటే మనుషుల చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

పాత దెబ్బల గుర్తులు

నైజీరియాలోని ఒకోము అడవిని చాలాకాలం ఆదిమ అడవిగానే చూశారు. నేల తవ్వితే బొగ్గు, కుండపెంకులు బయటపడ్డాయి. కొన్ని వందల ఏళ్ల కిందట అక్కడ మనుషులు నేల కాల్చి సాగు చేసుకున్నారని తేలింది. పై అంతస్తులోని మహావృక్షాలు ఆ పొలాలు బీడుపడ్డ తర్వాత లేచిన వెలుతురు జాతులే. మధ్య ఆఫ్రికా అడవుల్లోనూ ఇలాంటి ఆనవాళ్లే ఉన్నాయి. వెలుతురు కోరే పెద్ద చెట్లలో చాలావాటి వయసు లెక్కగడితే 19వ శతాబ్దం నడిమి ప్రాంతానికి చేరుతుంది. వలస పాలన వచ్చి, అడవిలో చెదురుమదురుగా సాగు చేసుకునే ఊళ్లు తరలిపోయిన కాలంతో ఇది ముడిపడి ఉందని పరిశోధకుల వివరణ. నేల మళ్లీ తెరుచుకోలేదు కాబట్టి ఆ జాతుల పిల్లలు కిందినుంచి రావడం లేదు. ఈ రోజు ఒక ప్లాటు వేసి కొలిస్తే ఆ జాతులు తగ్గుతూ కనిపిస్తాయి. కారణాన్ని వాతావరణ మార్పులో వెతికితే దొరకదు. అది నూట యాభై ఏళ్ల కిందటి పొలంలో ఉంది.

ఉగాండాలోని బుడొంగో అడవి ఇందుకు మంచి పాఠం. 1930లు, 40లలో ఎగ్లింగ్ అనే అటవీ అధికారి అక్కడ వేర్వేరు చోట్ల ప్లాట్లు వేసి, వాటిని ఒక వరుసలో పేర్చాడు. గడ్డినేల మీదికి కొత్తగా పాకుతున్న అడవి ముందు, తర్వాత పలు జాతులు కలిసిన అడవి, చివర సైనోమెట్రా అనే గట్టి కలప చెట్టు రాజ్యమేలే అడవి. జాతుల సంఖ్య మధ్య దశలో ఎక్కువ, చివర తక్కువ. 1947లో అచ్చయిన ఈ వరుసనే కానెల్ 1978లో తీసుకుని, ఒక మోస్తరుగా దెబ్బలు తగిలే అడవిలోనే జాతులు ఎక్కువగా ఉంటాయన్న ప్రతిపాదనకు ఆధారంగా వాడుకున్నాడు. అయితే ఎగ్లింగ్ చూసింది ఒకే కాలంలో పలుచోట్లను. దాన్ని ఒకే చోట పలు కాలాలుగా చదివాడు. అది నిజమో కాదో తెలియాలంటే అదే ప్లాట్లకు దశాబ్దాల తర్వాత తిరిగి వెళ్లాలి. తిరిగి వెళ్లి కొలిచినప్పుడు కొన్ని మార్పులు ఆయన వరుసకు తగ్గట్టే కనిపించాయి, కొన్ని కనిపించలేదు.

సోలమన్ దీవుల్లో కొలంబంగారా మరో రకం. అక్కడ 1964లో విట్మోర్ ప్లాట్లు మొదలుపెట్టాడు. 1967 నుంచి 1970 వరకు తుపానులు వచ్చాయి. ఉత్తర తీరపు అడవికి పశ్చిమ తీరం కంటే గట్టి దెబ్బ తగిలింది. ఒకే దీవి, దాదాపు అవే జాతులు. అయినా రెండు తీరాల మార్పులు రెండు తీర్లుగా సాగాయి. తుపాను పడ్డ పదేళ్లకు కొలత మొదలుపెట్టినవాడికి పెరుగుతున్న అడవి కనిపిస్తుంది. తుపానుకు ముందు మొదలుపెట్టినవాడికి కూలిన అడవి కనిపిస్తుంది.

2004లో ఒక జవాబు, 2008లో ఇంకొకటి

గందరగోళం అంతా ఎక్కడ పుట్టిందో ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2004లో విలియం లారెన్స్ బృందం మధ్య అమెజాన్‌లో, మనిషి చెయ్యి పడని అడవిలోని 18 ప్లాట్లను పరిశీలించింది. లెక్కకు తగినన్ని చెట్లున్న 115 ప్రజాతుల్లో (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపుల్లో) 27 చెప్పుకోదగ్గ స్థాయిలో పెరిగాయి లేదా తగ్గాయి. వేగంగా పెరిగి పందిరిని చేరే చెట్లు లాభపడ్డాయి. పందిరి కిందే ఉండిపోయే, నెమ్మదిగా పెరిగే చిన్న చెట్లు నష్టపోయాయి. గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ చెట్లకు ఎరువులా పనిచేస్తోందని, దాన్ని ముందుగా వాడుకునేవి దూకుడు జాతులేనని ఆ బృందం సూచించింది.

2008లో జెరోమ్ షావ్ బృందం మూడు ఖండాల్లోని పది పెద్ద ప్లాట్లలో 20 లక్షలకు పైగా చెట్ల లెక్క తీసింది. ఎక్కువ ప్లాట్లలో అడవి బరువు పెరిగింది. కానీ వాటా పెంచుకున్నవి నెమ్మదిగా పెరిగే జాతులు. ఇది ఎరువు కథకు ఎదురు. పాత దెబ్బ నుంచి కోలుకుంటున్న అడవిలో ముందు వచ్చిన తేలిక కలప చెట్లు పోయి చేవ చెట్లు నిలుస్తాయి కాబట్టి, ఈ ఫలితం కోలుకోవడానికే ఎక్కువ సరిపోతుందని వాళ్లన్నారు.

రెండూ నిజం కావచ్చు. ఎరువు ప్రభావం ప్రపంచమంతటికీ ఒకటే, కోలుకునే దశ ఒక్కో అడవికి ఒక్కోటి. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల వంతుల్లో 280గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదల నుంచి ఏ ప్లాటూ తప్పించుకోలేదు. కానీ వందేళ్ల కిందటి తుపానో, పోడు వ్యవసాయమో, కరువో ఉన్నచోట దాని జాడ ఈ సన్నని ప్రభావాన్ని మింగేస్తుంది. పైగా దెబ్బ ఒక్క రోజులో తగులుతుంది, కోలుకోవడం శతాబ్దం పడుతుంది. అందువల్ల ఎక్కడ ప్లాటు వేసినా అది కోలుకుంటున్న దశలో ఉండే అవకాశమే ఎక్కువ. అడవి బరువు పెరుగుతోందన్న ఏ వార్తనైనా చదివేటప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

నీళ్లు, వేడి

పాత దెబ్బతో వివరించలేని మార్పులూ ఉన్నాయి. అవి ఎక్కువగా నీటి చుట్టూ తిరుగుతాయి.

బారో కొలరాడోలో ప్లాటు మొదలైన వెంటనే 1982-83 ఎల్ నినో కరువు వచ్చింది. చెట్ల చావులు, ముఖ్యంగా పెద్ద చెట్ల చావులు, తర్వాతి ఐదేళ్లతో పోలిస్తే ఎక్కువగా నమోదయ్యాయి. తేమ నిలిచే వాలుల్లో మాత్రమే బతికే జాతులు ఎక్కువగా తగ్గాయి. ఘనాలో రెండు దశాబ్దాలపాటు వానలు తగ్గిన కాలంలో, ఎండాకాలంలో ఆకు రాల్చి కరువును ఓర్చుకునే పెద్ద చెట్ల వాటా పెరిగింది. అక్కడ అడవి బరువు తగ్గకపోగా పెరిగింది. కరువంటే అడవి చిక్కిపోవడమేనని అనుకుంటే ఘనా ఫలితం అర్థం కాదు. నెమ్మదిగా సాగిన కరువులో జాతులు చోటు మారడానికి సమయం దొరికింది. అమెజాన్‌లో 106 ప్లాట్ల మూడు దశాబ్దాల లెక్కల మీద 2019లో వచ్చిన అధ్యయనంలోనూ దిశ ఇదే. కొత్తగా వస్తున్న చెట్లలో పొడినేలలకు అలవాటుపడ్డ ప్రజాతులు ఎక్కువ, కరువు తీవ్రమైన చోట్ల తడి కోరేవాటి చావులు ఎక్కువ. అయితే వాతావరణం మారుతున్న వేగంతో పోలిస్తే ఈ మార్పు బాగా వెనకబడి ఉంది. అక్కడే ఆందోళన పడాల్సింది.

చెట్టు చనిపోయే తీరు కూడా తెలుసుకోదగ్గది. వేరు నుంచి ఆకు దాకా నీరు సన్నని గొట్టాల్లో లాగిన తీగలా బిగుసుకుని ఉంటుంది. నేల ఎండి, గాలి ఎండి ఆ లాగుడు హద్దు దాటితే గొట్టంలో గాలి బుడగ చేరి నీటి ధార తెగిపోతుంది. పొడవాటి చెట్టుకు ఈ ప్రమాదం ఎక్కువ. దీన్ని పరీక్షించడానికి బ్రెజిల్‌లోని కషివనాన్‌లో 2002 నుంచి ఒక హెక్టారు అడవిలో నేలకు కాస్త ఎత్తున పలకలు అమర్చి వాననీటిలో సుమారు సగాన్ని బయటికి మళ్లించారు. మొదటి ఏళ్లలో పెద్ద చెట్లే ఎక్కువగా పోయాయి. అడవి తన బరువులో మూడో వంతు దాకా కోల్పోయాక చావులు నెమ్మదించాయి. తక్కువ మంది మిగిలితే మిగిలినవాళ్లకు నీళ్లు సరిపోయినట్టు, ఆ అడవి చిన్నదై నిలిచింది.

నేలలో నీరున్నా గాలి దాహం పెరిగితే చాలు, చెట్టు దెబ్బతింటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ వర్షారణ్యాల్లో 24 ప్లాట్లను 1971 నుంచి 49 ఏళ్లపాటు గమనించగా, 1980ల నుంచి చెట్ల చావుల రేటు సగటున రెట్టింపయింది. వేడెక్కిన గాలి ఆకుల్లోంచి మరింత తేమ లాగేయడమే దీనికి బలమైన కారణంగా 2022లో ప్రచురించిన ఆ అధ్యయనం చూపింది. కోస్టారికాలోని లా సెల్వాలో వెచ్చని రాత్రులున్న ఏళ్లలో చెట్లు తక్కువగా పెరిగాయి. రాత్రి వేడిగా ఉంటే పగలు సంపాదించిన పిండిపదార్థాన్ని చెట్టు శ్వాసలోనే ఎక్కువగా ఖర్చు చేస్తుంది.

తీగల జోరు

జాతుల జాబితాలో తరచూ మరిచిపోయేవి కట్టెబారే పెద్ద తీగలు. వీటికి సొంత మాను అక్కర్లేదు. చెట్టును ఊతగా చేసుకుని, కాండానికి పెట్టాల్సిన ఖర్చును ఆకులకు పెడతాయి. అమెజాన్‌లో పెద్ద తీగల వాటా పెరుగుతోందని 2002లో బయటపడింది. బారో కొలరాడోలో 1960ల చివర సుమారు మూడో వంతు చెట్ల తలల మీదే తీగలుండగా, 2007 నాటికి దాదాపు నాలుగింట మూడు వంతులకు చేరాయి. పక్కనే తీగలు నరికేసి చేసిన ప్రయోగంలో, తీగలు ఉన్న ముక్కల్లో అడవి నికరంగా పోగేసే కార్బన్ నాలుగో వంతుకు పడిపోయినట్టు తేలింది. ఆఫ్రికా ప్లాట్లలో మాత్రం ఇలాంటి పెరుగుదల కనిపించలేదు. ఎందుకన్నది ఇంకా తేలని ప్రశ్న.

అంచులు, జంతువులు లేని అడవి

బ్రెజిల్‌లోని అమెజాన్ నగరం మనౌస్ దగ్గర 1979లో థామస్ లవ్‌జాయ్ మొదలుపెట్టిన ప్రాజెక్టులో 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కలను పచ్చిక నేలల మధ్య మిగిల్చి, వాటికి ఏమవుతుందో చూస్తూ వచ్చారు. అంచు నుంచి వంద మీటర్ల లోపల మార్పు తీవ్రంగా ఉంది. ఎండ, వడగాలి పక్కల నుంచి దూరి పెద్ద చెట్లను లోపలి అడవి కంటే దాదాపు మూడు రెట్లు వేగంగా చంపాయి. ఆ చోట్లలో వెలుతురు జాతులు, తీగలు లేచాయి. ఇది దశాబ్దాల మార్పు కాదు, కొన్ని ఏళ్లలోనే కళ్లకు కట్టిన మార్పు.

వేట చేసే పని దీనికంటే నిశ్శబ్దం. పెద్ద గింజల పండ్లను మింగి దూరంగా విసర్జించే పక్షులు, కోతులు, ఏనుగులు పోతే చెట్లు చాలాకాలం నిలబడే ఉంటాయి. పిల్లలు మాత్రం తల్లి కింద కుప్పపడి తెగుళ్లకు పోతాయి. లాంబిర్‌లో వేట వల్ల పెద్ద జంతువులు తగ్గాక, జంతువులు మోసే విత్తనాల జాతులకు ఈ చిక్కు వచ్చినట్టు నమోదైంది. పెద్ద గింజలున్న జాతుల్లో చాలావాటికి చేవ ఎక్కువ. అంటే ఒక పక్షి పోవడం రెండు తరాల చెట్ల తర్వాత అడవి బరువులో కనిపిస్తుంది.

కార్బన్ లెక్క, రాబోయే దశాబ్దాలు

జాతుల వాటా మారితే మామూలు పాఠకుడికి ఏమిటన్న ప్రశ్నకు జవాబు కార్బన్‌లో ఉంది. అదే మందం కాండంలో తేలిక కలప చెట్టు కంటే చేవ చెట్టు చాలా ఎక్కువ కార్బన్ దాచుతుంది, ఎక్కువ కాలం దాచుతుంది. చెయ్యి పడని ఉష్ణమండల అడవులు 1990లలో గాలి నుంచి సుమారు 4,600 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోగా, 2010లలో అది సుమారు 2,500 కోట్ల టన్నులకు తగ్గినట్టు 2020లో ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అమెజాన్‌లో తగ్గుదల ముందుగా మొదలైంది. ఆఫ్రికాలో 2015 వరకు పెద్దగా లేదు. వేగంగా పెరిగిన చెట్లు వేగంగా ముసలివవుతాయి. పెరుగుదల వార్త, చావు వార్త రెండూ ఒకే అడవి నుంచి ఇరవై ఏళ్ల తేడాతో రావడానికి ఇదొక కారణం. దానికి కరువులు తోడయ్యాయి.

నరికేసిన చోట మళ్లీ లేచే అడవుల విషయంలో లెక్క కొంత ఊరటనిస్తుంది. 2021లో అచ్చయిన ఒక విస్తృత పరిశీలన ప్రకారం నేల సారం పదేళ్ల లోపే, అడవి నిర్మాణం, జాతుల సంఖ్య 25 నుంచి 60 ఏళ్లలో పాత అడవి స్థాయికి చేరువవుతాయి. ఏ జాతి ఎంత అన్న కూర్పు మాత్రం కుదురుకోవడానికి 120 ఏళ్లకు పైగా పడుతుంది. పచ్చదనం తిరిగొచ్చిందని ఉపగ్రహ చిత్రం చూపినంత మాత్రాన పాత జాతులు వచ్చినట్టు కాదు.

చాలా ప్లాట్లలో 10 సెంటీమీటర్లు దాటాకే చెట్టు లెక్కలోకి వస్తుంది. నీడలో మొలిచిన చేవ జాతి మొక్క ఆ గీత దాటడానికి దశాబ్దాలు పడుతుంది. అమెజాన్‌ను 2005, 2010, 2015-16, 2023 కరువులు కుదిపేశాయి. వాటిలో చచ్చిన పెద్ద చెట్లు ఇప్పటికే జాబితాల్లోకి ఎక్కాయి, ఎక్కుతున్నాయి. వాటి ఖాళీల్లో మొలకెత్తిన చేవ జాతుల మొక్కలు ఎన్ని, వాటిలో ఏ జాతులు నిలిచాయి అన్నది ఆ ప్లాట్ల పుస్తకాల్లో ఇంకా నమోదు కాలేదు.